శుక్రవారం పొలం

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, ఎండలు ముదిరే వేళ, కరీంనగర్ వైపు ఒక జిల్లా వినియోగదారుల కమిషన్‌లో సభ్యురాలిగా చేరాను. అంతకుముందు హుస్నాబాద్‌లోనూ కరీంనగర్‌లోనూ పాతికేళ్ళ పైచిలుకు సివిల్ కేసులు వాదించాను. కమిషన్ అంటే ముగ్గురు. పైన అధ్యక్షులు, మాకు ఆయన రిటైరైన జిల్లా జడ్జి. ఆయనతో ఇద్దరు సభ్యులు. అందులో ఒకరైనా మహిళ ఉండాలని చట్టం. ఆ మహిళ నేనే. అలంకారానికి కూర్చోబెట్టారని వెనక అనుకున్నవాళ్ళున్నారు. అనుకోనీ, నోరు వాళ్ళది. రెండో సభ్యుడి కుర్చీ అప్పటికి ఖాళీ. అధ్యక్షుల పక్కన ఒక్క సభ్యుడో సభ్యురాలో ఉంటేనే బెంచి నడుస్తుంది, కాబట్టి నాకు జ్వరమొస్తే కమిషన్‌కే సెలవు.

మా దగ్గరికి వచ్చేవి మొలకెత్తని విత్తనాలు, చల్లబడని ఫ్రిజ్‌లు, తిరగ్గొట్టిన బీమా క్లెయిములు. ఫిర్యాదు ముందు శిరస్తాదారు బల్ల మీదికి వస్తుంది. ఆఫీసు పెద్దగుమాస్తా అన్నమాట. కాగితాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, బెంచి ముందు పెడతాడు. నేను చేరిన రెండో నెలలో ఆయన ఒక ఫైలు పట్టుకుని నవ్వు ఆపుకుంటూ నా గదిలోకి వచ్చాడు.

“మేడం, జమ్మికుంట దగ్గరి ఊరి నుంచి ఒకామె వచ్చింది. కంప్యూటర్ల ఎవుసం జేస్తదట. గా పొలం పోయిందట.”

ఫిర్యాదు తెలుగులో, రూళ్ళ కాగితం మీద చేత్తో రాసి ఉంది. వకీలు లేడు. మా దగ్గర వకీలు అక్కర్లేదు, ఎవరి మాట వాళ్ళే చెప్పుకోవచ్చు. రాసినామె పేరు స్వరూప. ముప్పై అయిదు దాటిన మనిషి. రెండెకరాల పత్తి స్వయంగా చూసుకుంటుంది. భర్త రాజేశం గల్ఫ్‌లో క్రేన్ నడుపుతాడు. ఇంటర్నెట్‌లో కంప్యూటర్ ఆటలు అమ్మే ఒక పెద్ద దుకాణంలో అతను వ్యవసాయం ఆట కొన్నాడు. ఆ ఆటను ఇద్దరు ఎవరి కంప్యూటర్ మీద వాళ్ళు కూర్చుని ఒకే పొలంలో ఆడుకోవచ్చు. గల్ఫ్‌లో సెలవు శుక్రవారం. ప్రతి శుక్రవారం అతను క్యాంపు గదిలో, ఆమె ఇంట్లో కూర్చుని, ఐదేళ్ళుగా అదే పొలం దున్నుతున్నారు. ఊళ్ళో ఆమె శుక్రవారం ఎవరి చేలోకీ కూలికి పోదు. “పగలు గీ ఎవుసం సాలదా, మళ్ళ గా ఎవుసమా” అని ఇరుగుపొరుగు ఎగతాళి చేసేవాళ్ళట.

ఇద్దరూ ఆడేది ఆ దుకాణంలో రాజేశం పేరు మీదున్న ఖాతాతోనే. దాన్ని దుకాణం మూసేసింది. కారణం చెప్పలేదు. ఎన్నిసార్లు రాసినా యంత్రం పంపే జవాబే వచ్చింది: మీ విషయం పరిశీలనలో ఉంది.

అధ్యక్షులు మంచివారు, ఓపిక గలవారు, కానీ పాతకాలం మనిషి. ఫైలు తిరగేసి, “ఆటల పంచాయితీ కూడా మన దగ్గరికే వచ్చిందా మేడం? నోటీసు ఇద్దాం, వచ్చే నెల వాయిదా వేద్దాం” అన్నారు. ఫిర్యాదు తీసుకోవాలా వద్దా అని తేల్చడానికి చట్టం మామూలుగా ఇరవై ఒక్క రోజులు ఇస్తుంది. ఆయన తొందరపడటం లేదంటే తప్పేమీ లేదు.

కానీ నేను ముందురోజే ఆ దుకాణం నిబంధనల పత్రం మొత్తం చదివాను. కొంటున్నప్పుడు ‘అంగీకరిస్తున్నాను’ అని మనమందరం కళ్ళు మూసుకుని నొక్కే పత్రం అది. చివరి నుంచి రెండో పేజీలో ఒక వాక్యం ఉంది. మూసిన ఖాతాలోని సమాచారాన్ని తొంభై రోజుల తర్వాత శాశ్వతంగా తుడిచేస్తారట. ఖాతా మూసి డెబ్బై ఎనిమిది రోజులైంది. వచ్చే నెలకు వాయిదా వేస్తే మేము తీర్పు చెప్పడానికి అక్కడ పొలమే ఉండదు.

ఆ మాట చెప్పాను. “కాని అది నిజం పొలం కాదు కదమ్మా” అన్నారాయన. నాకు చిర్రెత్తుకొచ్చింది. బీమా పాలసీ నిజంగా కంటికి కనిపిస్తుందా సార్, ఫోన్‌లో మాటలు చేతికి తగులుతాయా, వాటి మీద రోజూ తీర్పులు ఇస్తున్నాం కదా అన్నాను. గొంతు కాస్త పెరిగే ఉంటుంది, శిరస్తాదారు తలుపు దగ్గరే ఆగిపోయాడు. అధ్యక్షులు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. సరే, ఆమెనే అడుగుదాం పిలవండి అన్నారు.

స్వరూప లోపలికి వచ్చి ఆట ఫోటోల ప్రింట్లు బల్ల మీద పరిచింది. రెండు ట్రాక్టర్లు, ఒక బావి, గడ్డివాము, బర్రెల కొట్టం. ఒక బర్రె మీద వేలు పెట్టి, “దీనికి మా అత్త పేరు పెట్టినం. ఆమెకు జెప్పకుండ్రి సారు” అంది. అధ్యక్షులు నవ్వేశారు. క్రేన్ తోలేవాడికి సాళ్ళు ఎట్లా తెలుస్తాయని, అతను వేసిన పైరును తాను చెరిపి మళ్ళీ వేసేదాన్నని, బావి ఎక్కడ తవ్వాలన్న దాని మీద మూడు శుక్రవారాలు మాటల్లేవని చెప్పింది. ఫోన్లో మాట్లాడుకోరా అని ఆయన అడిగారు.

“ఫోన్ల ఏం మాట్లాడుతం సారు? తిన్నవా, తిన్న. పైసలు అందినయా, అందినయి. గంతే. మా ఆయన రెండేండ్లకోసారి వస్తడు, నెల రోజులుండి పోతడు. మేము సంసారం జేసింది గా పొలంలనే.”

ఆ తర్వాత అధ్యక్షులు నాతో వాదించలేదు. అప్పటికప్పుడు ఫిర్యాదు స్వీకరించి నంబరు వేయించారు. కేసు నడుస్తుండగా అవసరమనిపిస్తే మధ్యంతర ఉత్తర్వు ఇచ్చే అధికారం మాకుంది. దాన్ని నన్నే రాయమన్నారు. ఫిర్యాదు తేలేవరకు ఈ ఖాతాలోని ఏ సమాచారాన్నీ తుడవరాదు, తుడిచినా ఇంకొకరికిచ్చినా ఎదుటి పక్షమే బాధ్యత వహించాలి అని రెండు వాక్యాలు రాశాను. నా ఉద్యోగంలో నేను రాసిన అన్నింటికన్నా చిన్న ఉత్తర్వు అదే. అన్నింటికన్నా నాకు ఇష్టమైనదీ అదే.

రాయడం ఒక ఎత్తు, అందజేయడం ఒక ఎత్తు. ఇంటర్నెట్‌లో అమ్మేవాళ్ళు ఫిర్యాదులు వినడానికి ఒక అధికారిని పెట్టి, అతని పేరు, చిరునామా సైటులో చూపాలని నియమం ఉంది. ఈ దుకాణం సైటులో అలాంటి పేరే లేదు. నవ్వుతూ ఫైలు తెచ్చిన శిరస్తాదారే ఆ రోజు మధ్యాహ్నం అన్నం కూడా మాని, దొరికిన ప్రతి ఈమెయిల్‌కూ ఉత్తర్వు పంపాడు. విదేశంలోని ప్రధాన కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టు చేశాడు. ఆ తర్వాత జవాబు వచ్చిందా అని రోజూ పదకొండింటికి శిరస్తాదారుకు ఫోన్ చేసి అడిగేది స్వరూప కాదు, నేను. ఎనభై ఆరో రోజున ఒక్క వాక్యం జవాబు వచ్చింది. సమాచారాన్ని భద్రపరిచామని. శిరస్తాదారు దాన్ని ప్రింటు తీసి పరుగున వచ్చాడు. ఆఫీసులో అందరికీ చాయ్ ఆయనే తెప్పించాడు.

అసలు వ్యాజ్యం ఆ తర్వాత మొదలైంది. ఎదుటి పక్షం ముప్పై రోజుల్లో తన జవాబు దాఖలు చేయాలి. అడిగితే ఇంకో పదిహేను రోజులు ఇవ్వచ్చు, అంతకుమించి ఒక్క రోజు కూడా కుదరదు. నలభై నాలుగో రోజున హైదరాబాద్ నుంచి వాళ్ళ వకీలు వచ్చాడు. మర్యాదస్తుడు, చదువుకున్నవాడు. జవాబు నలభై పేజీలు. దాని సారం నాలుగు మాటలు. గొడవ ఏదైనా విదేశంలోని ఫలానా నగరంలోనే తేల్చుకోవాలని నిబంధన ఉంది. ఖాతా భర్త పేరు మీద ఉంది, ఈమె వినియోగదారు కాదు. ఖాతాను ఇంకొకరికి అమ్ముకున్నారని తమకు అనుమానం. ఇక చివరిది, మార్కెట్లో దుకాణాలు చాలా ఉన్నాయి, నచ్చకపోతే వేరే దగ్గర కొనుక్కోవచ్చు.

మొదటి రెండూ తేలికైనవే. కొన్నవాళ్ళు తాము ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చని చట్టం స్పష్టంగా చెబుతుంది. కొన్నవారి అనుమతితో వాడుకునేవారు కూడా వినియోగదారే. నిబంధనలే అన్యాయమని రాయాలని నాకు చేతులు దురద పెట్టాయి. కానీ అన్యాయమైన ఒప్పందాల సంగతి తేల్చే అధికారం రాష్ట్ర కమిషన్‌ది, జిల్లాది కాదు. ఆ గీత దాటితే పైవాళ్ళు మా తీర్పు మొత్తం కొట్టేస్తారు. అందుకే నిబంధనల జోలికి పోకుండా, ఖాతా మూసిన పద్ధతిలో సేవాలోపం ఉందా అన్నంతవరకే పరిమితమవుదామని అధ్యక్షులూ నేనూ అనుకున్నాం.

మూడోదే గట్టిది. ఖాతాకు జతచేసిన ఫోన్ నంబరు రాజేశం దగ్గర లేదు. అతను ఒక గల్ఫ్ దేశం నుంచి ఇంకో దేశంలోని కంపెనీకి మారాడు. కొత్త దేశం నుంచి లాగిన్ కాగానే దుకాణం పాత నంబరుకు మూడుసార్లు ఓటీపీ పంపింది. ఎవరూ పలకలేదు. ఖాతా అమ్మేశారని తేల్చుకుని మూసేసింది. ఆ నంబరు ఇప్పుడు ఎవరి దగ్గరుంది అని వకీలు అడిగితే స్వరూప తడుముకోకుండా, తుకారాం దగ్గర అంది. మా ఆయన పాత రూములుండేటోడు, జైనూర్ మనిషి, ఇప్పుడు సెలవు మీద ఇంటికాడున్నడు అని కూడా చెప్పింది. అయితే అతన్ని పిలిపించి విచారించాలని వకీలు పట్టుబట్టాడు. మా దగ్గర సాక్ష్యమంతా అఫిడవిట్ల మీదే నడుస్తుంది, మనిషిని నిలబెట్టి ప్రశ్నించడం అరుదు. అయినా ఒప్పుకున్నాం. ఖాతా కొన్నది అతనే అని నిరూపిస్తానని ఆ వకీలుకు ధీమా.

తుకారాం ఏ ఒక్క మాట తప్పు చెప్పినా స్వరూప కేసు అక్కడితో సరి.

తుకారాం తెల్లవారకముందే జైనూర్‌లో బయల్దేరి, బస్సులు మారి, ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. ఎలక్ట్రీషియన్. నంబరు నీ దగ్గరికి ఎట్లా వచ్చిందని వకీలు అడిగాడు.

“మా రూము కాయిదా సాబ్. రూము ఇడిసి పోయేటోడు సిమ్ము రూములనే పెట్టి పోవాలె. మెస్సోడు, నీళ్ళోడు, ఇంటికాడి ఆడోళ్ళు అందరికీ గదే నంబరు తెలుసు. రాజేశం అన్న పోంగ నాకిచ్చిండు. అన్నకు ముందుగాల ఇంకోడు ఇచ్చి పోయిండు, గట్లనే.”

ఓటీపీలు వచ్చాయా అని వకీలు అడిగాడు. మూడుసార్లు వచ్చాయన్నాడు తుకారాం. మరి ఏం చేశావు?

“తుడిచేసిన సాబ్. ఓటీపీ ఎవ్వనికీ చెప్పద్దని బ్యాంకోళ్ళు జెప్పిండ్రు, ఎంబసీ వాళ్ళు జెప్పిండ్రు. అన్న నంబరుకు అచ్చిన ఓటీపీ అంటే అన్నను ఎవడో దోచుకుంటున్నడని సమజైంది. అన్నకు గూడ చెప్పలే, పరేషాన్ అయితడని.” ఎదురు ప్రశ్న కూడా వేశాడు. “నేను జేసింది గల్తీనా సాబ్?”

బెంచి మీద నవ్వు ఆపుకోవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. పాపం, స్నేహితుణ్ణి కాపాడాననే ఆ మనిషి ఇన్ని నెలలుగా సంబరపడుతున్నాడు. తన కాపలా వల్లే పొలం పోయిందని ఆ గదిలోనే అతనికి అర్థమైంది. ముఖం వాడిపోయింది. స్వరూప లేచి, “నువ్వు మంచే జేసినవు తమ్మీ, ఫికర్ జేయకు” అంది. సాక్షితో మాట్లాడరాదని నేను వారించాలి. వారించలేదు.

అక్కడితో ఖాతా అమ్ముకున్నారన్న వాదన కూలిపోయింది. వకీలుకు మిగిలింది చివరి మాట, దుకాణాలు చాలా ఉన్నాయన్నది. దాని మీద అతను బాగానే వాదించాడు. పోటీ ఉన్న చోట వినియోగదారుడే రాజు అన్నాడు. అధ్యక్షులు స్వరూపను అడిగారు, ఇంకో దుకాణంలో ఎందుకు కొనలేదని. ఆమె ఆ వ్యాపారం మొత్తం మాకు వివరించింది. ఒకదాంట్లో పండుగలకు ధర తగ్గిస్తారు. ఒకదాంట్లో వారానికో ఆట ఉత్తగనే ఇస్తారు. ఇంకోదాంట్లో కొన్న ఆటను ఇంటికి దింపుకుని మన కంప్యూటర్ డబ్బాలోనే పెట్టుకోవచ్చు, రేపు దుకాణం ఎత్తేసినా మనది మనకుంటుంది. ఆ మూడో దాంట్లోనే కొనాలని తాను అన్నదట. కానీ ఆ ఏడాది ఈ ఆట అక్కడ దొరకలేదు. ఈ ఒక్క పెద్ద దుకాణంలోనే అమ్మారు.

“అయినా సారు, మా జమ్మికుంటల పత్తి కొనేటోళ్ళు తక్కువున్నరా? యార్డుల పది మంది సుట్టూ తిరుగుతరు, బేరమాడుతరు. అప్పుడు నేనే రాణిని. ధర ఒప్పుకొని మిల్లుకాడ దింపినంక తేమున్నదని పైసలు కోస్తరు. దింపిన పత్తి మళ్ళ ఎత్తుకొని ఇంకోని దగ్గరికి ఎట్ల పోతం?”

పాతికేళ్ళు వకీలుగా పనిచేసిన నాకు ఆ వాదన తట్టలేదు. సిగ్గుపడ్డాను, సంతోషపడ్డాను కూడా.

రాజీకి వీలుందనిపిస్తే మధ్యవర్తిత్వానికి పంపాలని చట్టం. పంపాం. దుకాణం దిగివచ్చింది. దయతో ఖాతా తెరుస్తాం, ఫిర్యాదు ఉపసంహరించుకోండి అంది. స్వరూప ఒకటే అడిగింది, మా పొలం నకలు మా చేతికిస్తారా, వేరే దుకాణానికి తీసుకుపోతే అడ్డం రారు కదా అని. అది కుదరదన్నారు. అయితే రాజీ వద్దంది. ఆ సంగతి విని నేను ఆ వారమంతా స్థిమితంగా లేను. చేతికి వచ్చిన పొలాన్ని కాలదన్నుకుంటోంది, తీర్పు తేడా వస్తే ఐదేళ్ళ శుక్రవారాలూ పోతాయి, ఒప్పుకో తల్లీ అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. బెంచి మీద ఉన్నవాళ్ళు ఒక పక్షానికి సలహా చెప్పకూడదు. నోరు కట్టేసుకున్నాను.

తీర్పు రాసే పని అధ్యక్షులు నాకే అప్పగించారు. పదకొండు పేజీలు. కారణం చెప్పకుండా, మాట వినకుండా ఖాతా మూయడం సేవాలోపం. ఫిర్యాదు వినే అధికారిని చూపకపోవడం ఇంకో లోపం. ఖాతా తెరవాలి. ఆటలో దాచుకున్నదంతా వాడుకోవడానికి వీలైన రూపంలో నకలు ఇవ్వాలి. ఈ చివరిది రాసేటప్పుడు మూడుసార్లు ఆగాను. ఇలాంటిది ఎక్కడైనా రాసినట్టు నాకు కనిపించలేదు. సంతకానికి పెడితే అధ్యక్షులు ఆ పేరా రెండుసార్లు చదివారు. “మేడం, దీన్ని పైన కొట్టేస్తే?” అన్నారు. కొడితే కొట్టనీ సార్, మనం రాసినట్టైతే ఉంటుంది అన్నాను. ఒక్క అక్షరం మార్చకుండా సంతకం పెట్టారు.

అప్పీలుకు నలభై అయిదు రోజుల గడువు. వాళ్ళు పోలేదు. తీర్పు అమలు చేశామని చెప్పడానికి వకీలు మళ్ళీ వచ్చాడు. అదే రోజు స్వరూప భర్తను వెంటపెట్టుకుని వచ్చింది. రాజేశం సెలవు మీద వచ్చాడట, బెంచి ముందు చేతులు కట్టుకుని ఒక మూలకు నిలబడ్డాడు. ఖాతా తెరిచారా, నకలు అందిందా అని నేను అడిగాను. అన్నీ అందాయని, పొలంలో ఒక్క మొక్క కూడా పోలేదని స్వరూప చెప్పింది. ఇప్పుడు ఆ ఆట మూడో దుకాణంలోనూ అమ్ముతున్నారని, అక్కడ మళ్ళీ కొని, పొలాన్ని అక్కడికి తీసుకుపోయామని కూడా చెప్పింది.

వకీలు ఉండబట్టలేకపోయాడు. ఇన్ని నెలలు కొట్లాడి గెలిచింది మా దగ్గరి నుంచి వెళ్ళిపోవడానికా అమ్మా అన్నాడు.

“దయతోటి తెరిచి ఉంటే మీ దగ్గర్నే పడి ఉండేటోళ్ళం సారు” అంది స్వరూప. “హక్కని రాసిచ్చిండ్రు. సామాను సదురుకొని పోయినం.”

కేసు ముగిసినట్టు రాసి ఫైలు మూశాను. ఆ తర్వాత పదవీకాలం పూర్తయ్యేవరకు చాలా ఫిర్యాదులు విన్నాను. పోటీ ఉంది, దుకాణాలు చాలా ఉన్నాయి అని ఎదుటి పక్షం అన్నప్పుడల్లా, ఎన్ని ఉన్నాయని అడగడం మానేశాను. మీ దగ్గర కొన్నవాళ్ళు తమది తాము తీసుకుని బయటికి పోగలరా అని అడిగాను. చాలామంది వకీళ్ళు ఆ ప్రశ్నకు వాయిదా అడిగారు.